అత్తగారి మంచానికీ జానమాజుకీ మధ్య

ప్రశ్న: మాది విజయనగరం. నాకు 33 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. మూడేళ్ల కిందట మా అత్తగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట తడబడుతుంది కానీ తెలివి బాగానే ఉంది. అన్నీ మంచం మీదే. చూసుకునేది నేనొక్కదాన్నే. ఆమెకు శుభ్రం చేసి, దుప్పట్లు ఉతికి, పిల్లల్ని స్కూలుకి పంపేసరికి నా ఒంటి మీద బట్టలు నమాజుకు పనికొచ్చేలా ఉండవు. ఈ మూడేళ్లూ నా నమాజు పోయినట్టే. మా ఆయన ఐదు పూటలా మసీదుకు వెళ్తారు. నెలకు మూడు రోజులు ధర్మబోధకు ఊళ్లు తిరిగే జమాత్‌తో వెళ్తారు, ఇప్పుడు 40 రోజులకు వెళ్తానంటున్నారు. "నువ్వు నమాజు చదవకపోబట్టే ఇంట్లో బర్కత్ లేదు" అంటారు. మొన్న వాట్సాప్‌లో ఒక బయాన్ (మతప్రసంగం) వచ్చింది. నమాజు లేనివాళ్ల మంచిపనులేవీ లెక్కలోకి రావట. అప్పటి నుంచి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. పోయిన నమాజులు లెక్క వేస్తే 5,475 వచ్చాయి. నాకు అరబ్బీ చదవడం రాదు, తెలుగులో రాసుకున్న సూరాలే (ఖురాన్ అధ్యాయాలే) చదువుతాను. నా సేవంతా వృథాయేనా? నమాజు చదవలేకపోతున్నానని మా అత్తగారు కూడా ఏడుస్తుంటారు.
– ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు ఆ 5,475 సంగతి తేల్చుకుందాం. నిద్ర చెడగొడుతున్నది అదే కదా.

మూడేళ్లను 365తో, ఐదుతో హెచ్చవేశారు. నెలసరి రోజులు తీసేశారా? తీసినట్టు లేదు. ఆ రోజుల్లో ఆడవాళ్లకు నమాజు లేదు, తర్వాత తిరిగి చదవాల్సిన పనీ లేదు. రంజాన్ ఉపవాసాలైతే తర్వాత ఉండాలి, నమాజుకు ఆ బాకీ కూడా ఉండదు. నెలకు ఆరు రోజులనుకుంటే ఏడాదికి 72, మూడేళ్లకు 216 రోజులు. రోజుకు ఐదు చొప్పున 1,080 నమాజులు మీ మీద అసలు పడనే లేదు. మిగిలినవి 4,395. ఈ మూడేళ్లలో కాన్పు ఏదైనా ఉంటే ఆ బాలింత రోజులు కూడా తీసేయండి.

ఇప్పుడు ఈ 4,395 ఎలా తీర్చాలి? ఏ పూట ఫర్జు (తప్పనిసరి నమాజు) చదివితే, ఆ పూటదే ఒక పాత ఫర్జు పక్కన చదవండి. తెల్లవారుజామున ఫజర్‌తో ఒక ఫజర్, మధ్యాహ్నం జుహర్‌తో ఒక జుహర్. రాత్రి ఇషా దగ్గర విత్ర్ (ఇషా తర్వాత చదివే నమాజు) కూడా కలపాలి. ఏ తారీఖుదో గుర్తుండక్కర్లేదు. "నా మీద మిగిలిన ఫజర్‌లలో మొదటిది" అని మనసులో అనుకుంటే నియ్యత్ (సంకల్పం) అయిపోయినట్టే. ఇలా చేస్తే మూడేళ్ల బాకీ మూడేళ్లలో తీరుతుంది. సూర్యోదయం, నడినెత్తిన పొద్దు, సూర్యాస్తమయం, ఈ మూడు వేళలూ వదిలేయండి. ఒక రోజు పాతవి కుదరకపోతే వాటిని ఆ రోజుకు వదిలేసి మర్నాడు అందుకోండి. దీన్ని తీరుస్తూ ఉన్న మనిషిని అల్లాహ్ ఎగవేతదారు కింద చూస్తాడని నేను అనుకోను.

నేను ముఫ్తీని (మతతీర్పులు చెప్పే పండితురాలిని) కాదు. మన వైపు మసీదుల్లో ఎక్కువగా నడిచే హనఫీ పద్ధతిలో పెద్దల దగ్గర విన్నదీ చదివిందీ రాస్తున్నాను. ఏదైనా మెలిక ఉంటే మీ మసీదు ఇమామ్ సాబ్‌ని అడిగించండి.

ఇక ఆ బయాన్. నమాజు చిన్న విషయమని నేను చెప్పను. ప్రళయదినాన మొదట లెక్క అడిగేది నమాజు గురించే అని హదీసు (ప్రవక్త మాట) ఉంది. నమాజు వదిలేయడం పెద్ద తప్పే. కానీ ఆ తప్పు ఒక పక్క ఉంది కాబట్టి మరో పక్క చేసిన మంచి సున్నా అయిపోతుందని మీ మీద తీర్పు చెప్పడానికి ఆ మాట్లాడినాయన ఎవరు? 'అణువంత మంచి చేసినవాడు దాన్ని చూసుకుంటాడు' అని ఖురాన్ 99వ సూరాలో ఉంది. దాహంతో బురద నాకుతున్న కుక్కకు బావిలో దిగి చెప్పుతో నీళ్లు తోడి పోసినవాడి పాపాలు క్షమించబడ్డాయని ప్రవక్త (స) చెప్పారు. మంచంలో ఉన్న మనిషికి మూడేళ్లుగా రోజూ ఒళ్లు తుడుస్తున్న మీకు ఆ మాత్రం ఆశ ఉండకూడదా? వాట్సాప్‌లో వచ్చే బయాన్లు ఎవర్ని ఉద్దేశించి చెప్పారో, ముందూ వెనకా ఏం చెప్పారో మనకు తెలియదు. రెండు నిమిషాల ముక్క కోసి పంపుతారు. అది సినిమాకు తీరుబడి ఉండి నమాజుకు లేనివాడిని అదిలించడానికి చెప్పిందేమో. వచ్చి పడింది మాత్రం మీ ఇంట్లో.

అసలు చిక్కు బట్టల దగ్గరా, వేళ దగ్గరా ఉంది. భక్తి లేక కాదు. అందుకే పనికొచ్చే మాటలు కొన్ని చెబుతాను.

ఇంకొకరి మలమూత్రాలు శుభ్రం చేసినంత మాత్రాన మీ వుజూ (నమాజుకు ముందు కడుక్కునే శుద్ధి) పోదు. ఇది చాలామందికి తెలియదు. చేతికో ఒంటికో అంటిన చోట కడుక్కుంటే చాలు. చేతికి తొడుగులు వేసుకుంటే ఆ బెడదా తగ్గుతుంది. బట్టల విషయంలో, నమాజు కోసమని ఒక జత విడిగా ఉంచేయండి. ఒక పాత సల్వారు, మోకాళ్లు దాటే పెద్ద చాదరు. వంటింటి తలుపు వెనక మేకుకు తగిలించండి. పని బట్టలు విప్పి అవి తొడుక్కోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. మా అమ్మ అలాగే చేసేది. ఆ చాదరుకు ఎప్పుడూ ఇంగువ వాసన వచ్చేది, అంత కాలం వంటింట్లోనే వేలాడింది అది.

వేళ సంగతి. జుహర్ వేళ మధ్యాహ్నం పొద్దు వాలగానే మొదలై సాయంత్రం అసర్ దాకా, అంటే దగ్గర దగ్గర నాలుగు గంటలు ఉంటుంది. అజాన్ అవగానే చదవకపోతే పోయినట్టే అని మీరు అనుకుంటున్నారేమో. మసీదులో అందరూ కలిసి చదివే జమాత్‌కే ఆ నిమిషం, ఇంట్లో చదువుకునే మీకు ఆ నాలుగు గంటలూ మీవే. ఇంకో కిటుకు ఉంది. జుహర్‌ను దాని వేళ చివర్లోనూ, అసర్‌ను దాని వేళ మొదట్లోనూ పెట్టుకుంటే, ఒకే వుజూతో, ఒకే జత బట్టలతో రెండూ అయిపోతాయి. దేని వేళలో దాన్నే చదివినట్టు. పొద్దుగూకాక వచ్చే మగ్రిబ్, రాత్రి ఇషాలకూ అంతే. ఎడతెగని రక్తస్రావంతో బాధపడిన హమ్నా బింతె జహష్‌కు ప్రవక్త (స) స్వయంగా చూపిన దారి ఇలాంటిదే. ఒంటి ఇబ్బంది ఉన్న ఆడమనిషి వచ్చి అడిగితే ఆయన తిట్టలేదు, వేళలు సర్దుకునే ఉపాయం చెప్పారు.

బాగా ఊపిరాడని రోజున ఫర్జులు, విత్ర్ పట్టుకోండి. ఐదు పూటల ఫర్జులూ కలిపితే 17 రకాతులు (నమాజులోని ఆవృత్తులు). రెండు, నాలుగు, నాలుగు, మూడు, నాలుగు. నాలుగు రకాతులకు ఆరేడు నిమిషాలు. సున్నతులు (ఫర్జు కాని అదనపు నమాజులు) వదిలేయమని కాదు, అవి చదవలేనన్న బెంగతో ఫర్జు కూడా వదలొద్దని చెబుతున్నాను. అల్లాహ్‌కు అన్నిటికంటే ఇష్టమైనది, కొంచెమే అయినా మానకుండా చేసే పని అని హజ్రత్ ఆయిషా (ర) చెప్పిన హదీసు ఉంది.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. మా పుట్టిల్లు శ్రీకాకుళం. 1641లో గోల్కొండ ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఉంది చూశారూ, ఆ అజాన్ వినపడే దూరంలో ఇల్లు. మా అబ్బాకు ఆయాసం, ఎనిమిది నెలలు మంచంలో ఉన్నారు. నాకప్పుడు 22 ఏళ్లు. కొత్తగా నమాజు పట్టింపు వచ్చిన రోజులు, అందరికంటే నాకే ఎక్కువ తెలుసన్న పొగరు కూడా ఉండేది. ఒకరోజు అసర్ ఫర్జులో రెండో రకాతులో ఉన్నాను. పక్క గదిలో గ్లాసు పడిన చప్పుడు, తర్వాత ఏదో బరువుగా పడిన చప్పుడు. అర్థమైంది. అయినా నమాజు తెంచలేదు. మిగతా రెండు రకాతులూ నెమ్మదిగా, ఇంకాస్త నెమ్మదిగానే, చదివి సలాం ఫేర్చి (నమాజు ముగించి) లేచాను. పెరట్లోంచి అమ్మ పరుగెత్తుకొచ్చి అప్పటికే ఆయన్ని లేపి కూర్చోబెట్టింది. నుదుటి మీద బొప్పి. మంచినీళ్ల కోసం చెయ్యి చాచి పడిపోయారట. ఆయన నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది.

కొన్నాళ్లకు మా ఇంటికి వచ్చే ఖురాన్ కంఠస్థం చేసిన ఒక ముసలి హాఫిజ్ గారికి ఈ సంగతి చెప్పాను, మెచ్చుకుంటారనే అనుకున్నాను. "మనిషి ఆపదలో ఉంటే ఫర్జు అయినా తెంచి వెళ్లాలి బేటీ, తర్వాత మళ్లీ చదువుకోవచ్చు" అన్నారు. జురైజ్ కథ చెప్పారు. జురైజ్ పూర్వకాలపు సన్యాసి. కుటీరంలో నమాజులో ఉండగా తల్లి వచ్చి పిలిచింది. "అల్లాహ్, ఒక పక్క మా అమ్మ, ఒక పక్క నా నమాజు" అనుకుని నమాజులోనే ఉండిపోయాడు. మూడుసార్లు అలాగే జరిగింది. తల్లి మనసు నొచ్చుకుని శాపం పెట్టింది, అది తగిలింది కూడా. ఇది ప్రవక్త (స) చెప్పిన కథే, బుఖారీ, ముస్లిం అనే హదీసు గ్రంథాల్లో ఉంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో మంచంలో ఎవరైనా ఉంటే జానమాజ్‌ను (నమాజు చాపను) ఆ గదిలోనే, మంచం కనబడేలా పరుస్తాను. మీరూ అలాగే పరచండి.

ఇప్పుడు మీ ఆయన. ఉత్తరం చదువుతుంటే నాకు కోపం వచ్చిన చోటు ఇదే, దాచడం ఎందుకు.

ఖురాన్ పదిహేడో సూరా 23వ ఆయతు (వాక్యం) చూడండి. తల్లిదండ్రుల్లో ఒకరైనా ఇద్దరైనా నీ దగ్గర ముసలివాళ్లైతే వాళ్లని 'ఉఫ్' అని కూడా అనొద్దు, కసురుకోవద్దు, మర్యాదగా మాట్లాడు. ఇది కన్న పిల్లలకు చెప్పిన మాట. కోడలికి చెప్పింది కాదు. తల్లి సేవ ఫర్జు కొడుకు మీద. మీరు చేస్తున్నది మీ మంచితనం, ఫిఖహ్ (ధర్మశాస్త్రం) భాషలో ఎహ్‌సాన్. మీ మీద లేని బరువు మూడేళ్లుగా మోస్తున్న మనిషి మీరు, ఆ బరువు అసలు ఎవరిదో ఆయనే 'నీ వల్ల బర్కత్ పోయింది' అంటున్నాడు. వినడానికి ఎలా ఉంది?

ఒకాయన జిహాద్‌కు వెళ్లడానికి అనుమతి అడగడానికి ప్రవక్త (స) దగ్గరికి వచ్చాడు. "నీ తల్లిదండ్రులు బతికే ఉన్నారా?" అని అడిగారు. ఉన్నారన్నాడు. "అయితే వాళ్ల సేవలోనే కష్టపడు" అన్నారు. ఇంకొకడు తల్లిదండ్రులను ఏడిపించి బయల్దేరి వచ్చానంటే, "వెనక్కి వెళ్లి, ఏడిపించినవాళ్లను నవ్వించు" అని పంపేశారు. జిహాద్‌కే ఆ మాట అయితే 40 రోజుల జమాత్‌కు ఏమనాలి? అది మంచిపనే, కాదనను. చాలామంది మనుషులు దానివల్ల దారిన పడ్డారు. కానీ అది ఫర్జు కాదు. తల్లి మంచంలో ఉండగా, చూసే మనిషిని ఏర్పాటు చేయకుండా వెళ్లడం నాకు సబబుగా కనిపించడం లేదు. ఆయన వెళ్లే జమాత్ పెద్దలకు ఇంట్లో పరిస్థితి ఇదీ అని తెలుసో లేదో. మీ అన్నదమ్ములో ఆయన స్నేహితుడో ఎవరి చేతైనా వాళ్ల చెవిన వేయించండి. నెమ్మదిగా, ఫిర్యాదులా కాకుండా.

సల్మాన్ ఫార్సీ (ర), అబూ దర్దా (ర) ఇద్దరూ ప్రవక్త (స) కలిపిన అన్నదమ్ములు. సల్మాన్ ఒకసారి వాళ్లింటికి వెళ్లి చూస్తే అబూ దర్దా భార్య మాసిన బట్టల్లో, ఏ ముచ్చటా లేకుండా ఉంది. ఏమైందమ్మా అంటే, "మీ తమ్ముడికి ఈ లోకంతో పని లేదు" అంది. పగలు ఉపవాసం, రాత్రంతా నమాజు. ఆ పూట సల్మాన్ ఆయన చేత నఫిల్ (ఐచ్ఛిక) ఉపవాసం మాన్పించి అన్నం తినిపించారు. రాత్రి లేవబోతే పడుకోమన్నారు, మళ్లీ లేస్తే మళ్లీ పడుకోమన్నారు. రాత్రి చివరి జామున లేపి ఇద్దరూ కలిసి చదివారు. అప్పుడు చెప్పారు: "నీ ప్రభువుకు నీ మీద హక్కుంది, నీ ఒంటికి హక్కుంది, నీ ఇంటివాళ్లకు హక్కుంది. ఎవరి హక్కు వాళ్లకివ్వు." ప్రవక్త (స) దగ్గర ఈ సంగతి వస్తే, సల్మాన్ చెప్పింది నిజం అన్నారు. ఆ కథలో నాకు ఎప్పుడూ గుర్తుండేది ఆ ఇల్లాలి మాసిన బట్టలే. సల్మాన్ మొదట చూసింది వాటినే.

మీ ఆయన చెడ్డవాడని నేననడం లేదు. ఐదు పూటలా మసీదుకు నడిచే మనిషికి చెబితే ఎక్కుతుంది, ఎక్కే పద్ధతిలో చెప్పాలంతే. ప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఏం చేసేవారని అడిగితే, ఇంటి పనుల్లో ఉండేవారు, నమాజు వేళ కాగానే వెళ్లేవారు అని ఆయిషా (ర) చెప్పారు. ఈ రెండో సగం మీ ఆయనకు వచ్చు, మొదటి సగం నేర్చుకోవాలి. తల్లికి ఒళ్లు శుభ్రం చేయడానికి ఆడమనిషి ఉంటే మేలు, సరే. దుప్పట్లు ఉతకడానికి ఏం అడ్డు? అన్నం తినిపించడానికి? పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పడానికి? ఫజర్ నుంచి రాగానే ఒక అరగంట, మగ్రిబ్ తర్వాత ఒక గంట తల్లి ఆయన వంతు అని అడగండి. ఆ గంటలో మీ నమాజు, మీ ఖజా (పాత బాకీ నమాజు), మీ టీ కూడా అయిపోతాయి. ఉత్తరం చూపిస్తే పనవుతుందనుకుంటే ఈ పేజీ ఆయనకు చూపించండి. నా మీద కోప్పడితే పడనీయండి.

ఆయన లేని వేళల్లో పొరుగువాళ్లను అడగడానికి మొహమాటపడొద్దు. పెళ్లయ్యాక నేను విజయనగరం వచ్చి, మా అత్తగారిని చివరి ఏడాది చూసుకున్నప్పుడు, పక్కింటి పెద్దావిడ పైడితల్లమ్మ భక్తురాలు. అజాన్ వినబడితే గోడ మీంచి తొంగి చూసి "ఏటమ్మా, నువ్వెళ్లి సదువుకో, నానుంటాను" అనేది. పది నిమిషాలు మంచం పక్కన కూర్చునేది. సిరిమాను నాడు వాళ్లింటి నిండా చుట్టాలు దిగితే పిల్లలకు మా ఇంట్లో పక్కలు వేసేవాళ్లం. లెక్కకు లెక్క సరిపోయిందో లేదో ఇద్దరం ఎప్పుడూ చూసుకోలేదు.

తెలుగులో రాసుకున్న సూరాల గురించి. నమాజులో చదవాల్సింది అరబ్బీ మాటలే. అవి తెలుగు లిపిలో చూసి నేర్చుకున్నారంటే తప్పేం లేదు, కానీ మన లిపిలో లేని శబ్దాలు కొన్ని ఉన్నాయి, బాగా చదివే ఒక ఆడమనిషి చేత ఖురాన్ మొదటి సూరా ఫాతిహా, రెండు చిన్న సూరాలు ఒకసారి సరిచేయించుకోండి. తడబడుతూ కష్టపడి ఖురాన్ చదివేవాళ్లకు రెండు పుణ్యాలు అని హదీసు. అర్థం తెలుగులో చదవండి. తెలుగులోకి ఖురాన్‌ను మొదట తెచ్చిన చిలుకూరి నారాయణరావు గారు పుట్టింది మన ఉత్తరాంధ్రలోనే, అది కూడా ముస్లిం కాని పండితుడు. సలాం ఫేర్చిన తర్వాత చేసే దువా మాత్రం హాయిగా తెలుగులో, మీ యాసలోనే అడగండి.

చివరగా మీ అత్తగారి ఏడుపు. నాకు అన్నిటికంటే బాధ కలిగించిన వాక్యం అది. మూడేళ్లుగా ఆమెకు ఎవరూ చెప్పలేదా, పడుకుని కూడా నమాజు చదవొచ్చని? ఇమ్రాన్ బిన్ హుసైన్ (ర)కు మొలల జబ్బు ఉండేది. ఆయన అడిగితే ప్రవక్త (స) చెప్పిన మాట: "నిలబడి చదువు, కాకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్కకు పడుకుని." మీ అత్తగారికి తలతో సైగ చేస్తే చాలు. రుకూకు (నడుము వంచడానికి బదులు) కొంచెం, సజ్దాకు (సాష్టాంగానికి బదులు) ఇంకొంచెం. తల కింద దిండు ఎత్తుగా పెట్టి ముఖం కిబ్లా (మక్కా దిక్కు) వైపు ఉండేలా చూడండి. మనకు కిబ్లా పడమర, రవ్వంత ఉత్తరానికి వాలు. మంచం తిప్పడం కుదరకపోతే ఉన్న దిక్కులోనే చదవొచ్చు. మూత్రం ఆగని మనిషికి ప్రతి నమాజు వేళకూ ఒక వుజూ సరిపోతుంది. మీరు చేయించవచ్చు. నీళ్లు పడకపోతే శుభ్రమైన మట్టితో తయమ్ముమ్ (నీళ్లకు బదులు చేసే శుద్ధి). పాడ్ మార్చిన వెంటనే మళ్లీ తడిసిపోతుంటే అలాగే చదివేయవచ్చు, మీ ఇద్దరికీ దాని గురించి మళ్లీ బెంగ వద్దు. మాట తడబడినా ఫరవాలేదు, వచ్చినంతే. రంజాన్ ఉపవాసాలకు, కోలుకునే ఆశ లేదని డాక్టర్ అంటే, రోజుకు ఒక పేదకు భోజనం చొప్పున ఫిద్యా ఇస్తే సరిపోతుంది. అది ఆమె డబ్బులోంచో, కొడుకు ఇస్తేనో.

ఇవాళ మగ్రిబ్‌కే మొదలుపెట్టండి. మూడే రకాతులు. ముందు ఆమెకు పాడ్ మార్చి, ముఖం, చేతులు తడిపి వుజూ చేయించి, మీరు మేకు మీది చాదరు కప్పుకుని ఆమె మంచం పక్కనే నిలబడండి. సూరాలు కాస్త గట్టిగానే చదవండి, ఆమెకు వినబడేలా.